సైకిలు చక్రమునందలి గాలి

సైకిలు నెక్కి పాఠశాలకు వచ్చు బాలబాలికలు మనలో ఎందరో కలరు. గొలుసునకు నూనె వేయువారు, గంటను తుడిచి మెరపించువారు వారిలో ఉందురు. కాని టైర్లలో గాలి ఎంత యున్నదో చూచుకొనువారు అరుదు. నిజమునకు రబ్బరు గొట్టములో బంధింపబడిన ఆ గాలియే మన బరువును మోయుచున్నది.

పూర్వము సైకిలు చక్రములకు గట్టి రబ్బరు పట్టీలుండెడివి. రాళ్ళబాటపై వాని కుదుపు భరింపరానిదిగా నుండెడిది. 1887లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టముల నమర్చి చూచెను. మరుసటి సంవత్సరమే ఆయనకు పేటెంటు లభించెను. 1889లో బెల్‌ఫాస్టు పందెములలో విల్లీ హ్యూమ్ అను నతడు అట్టి టైర్లతో విజయము పొందగా, వాని గొప్పతనము లోకమునకు తెలిసినది.

గాలి బరువును మోయు విధమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. వెనుక చక్రముపై 45 కిలోల బరువు పడినదనుకొనుడు. గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు 3 కిలోలైనచో, టైరు సుమారు 15 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకును. పీడనము సగమునకు తగ్గినచో ఆ మేర రెట్టింపగును. అనగా టైరు మరింత అణగును.

గాలి చాలని టైరు తిరిగిన ప్రతిసారియు నలుగును. త్రొక్కువాని శ్రమలో కొంత వేడిగా మారి వ్యర్థమగును. అంతేకాదు, రాయి తగిలినపుడు ట్యూబు రాతికిని రిమ్ముకును నడుమ నొక్కుకొని, పాముకాటువలె రెండు రంధ్రములు పడును. ఒక్కొక్కపుడు రిమ్మే వంగిపోవును.

అట్లని గాలిని మితిమీరి నింపుటయు మేలు కాదు. రాయివలె బిగిసిన టైరు చిన్న గులకరాతికైనను ఎగిరిపడును. ముందునకు పోవలసిన బలము పైకెగురుటలో ఖర్చగును. వానకు తడిసిన మలుపులో అట్టి టైరుకు పట్టు తగ్గి, సైకిలు జారు ప్రమాదము కలదు. బిగువు హెచ్చినకొలది వేగము హెచ్చునని పందెగాండ్రు చిరకాలము నమ్మిరి. నేడు వారు సైతము పూర్వముకంటె వెడల్పైన టైర్లను, కొంత తక్కువ పీడనమును వాడుచున్నారు.

మరి ఎంత గాలి నింపవలెను? టైరు ప్రక్కభాగమున ముద్రించిన అంకెను చూడుడు. అందలి గరిష్ఠ పరిమితిని ఎన్నడును మించరాదు. సాధారణమైన వెడల్పు టైర్లకు చదరపు అంగుళమునకు 40 మొదలు 60 పౌండ్ల వరకు సరిపోవును. 28 మిల్లీమీటర్ల సన్నని టైర్లకు, మధ్యరకపు బరువుగలవారికి 60 మొదలు 80 పౌండ్లు తగును. బరువు వెనుకనే ఎక్కువగా పడును గనుక, ముందు చక్రముకంటె వెనుక చక్రమున కొంచెము హెచ్చుగా నుంచవలెను. బియ్యపు మూట కట్టినపుడు పరిమితికి లోబడి మరికొంత హెచ్చింపవలెను. కంకరబాటకును, వాననాటికిని కొంచెము తగ్గింపవలెను.

బొటనవ్రేలితో నొక్కి చూచుట చాలదు. పీడనమును కొలుచు మీటరుగల పంపుతో చూచుట ఉత్తమము. పంక్చరు లేకున్నను రబ్బరుగుండ గాలి మెల్లమెల్లగా పోవుచుండును. కావున వారమున కొకమారైనను పరీక్షింపవలెను. ఎండవేడికి పీడనము పెరుగును గనుక, వేసవిలో సైకిలును నీడను నిలుపవలెను.

పొరుగువాని సైకిలునకు తగిన గాలి మన సైకిలునకు తగకపోవచ్చును. బరువును, టైరును, బాటను చూచి మితము నెరుగుటయే ఇందలి వివేకము. అయిదు నిమిషముల ఈ శ్రద్ధ మన ప్రాణమును, తల్లిదండ్రుల ధనమును కాపాడును.

ప్రశ్నలు

1. గాలి తగ్గినచో టైరు ఎక్కువ మేర నేలను తాకుటకు కారణమేమి?
2. గాలి మితిమీరుటవలన కలుగు నష్టములెవ్వి?
3. మీ సైకిలునకు ఎంత గాలి తగునో ఎట్లు నిర్ణయింతురు?