మనుషులు ఉండగానే గోడల మరమ్మతు

ఖాళీ ఇంటికి మరమ్మతు చేయడం సులభం. కాని అపార్టుమెంటులోని కుటుంబాలు గాని, హాస్టల్లోని మన వంటి విద్యార్థులు గాని పని పూర్తయ్యే వరకు ఎక్కడికి పోతారు? వంట, చదువు, నిద్ర అన్నీ ఆ గోడల మధ్యనే జరగాలి. మన చాపలు, ట్రంకు పెట్టెలు గోడ పక్కనే ఉంటాయి. గోడకు చెమ్మ పడితే బూజు పడుతుంది. దాని వల్ల దగ్గు, ఆయాసం ఉన్నవారికి బాధ ఎక్కువవుతుంది, పుస్తకాలు పాడవుతాయి. అందుకే బయటి గోడల సంగతి ఇంజనీర్లతో పాటు మనమూ తెలుసుకోవాలి.

మన డెల్టాలో గోడల శత్రువు

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు మన ప్రాంతాన్ని అన్నపూర్ణగా మార్చాయి. అయితే కాలువలూ వరి చేలూ ఉన్నచోట భూమిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్లు ఇటుక గోడ కింది నీటిని పైకి పీలుస్తుంది. నీరు ఆరిపోయాక అందులోని ఉప్పు తెల్లని పొడిగా మిగిలి గోడను తినేస్తుంది. సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి దీనికి తోడు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయి గోడలకు బీటలు తెస్తుంది. ఇక తుఫాను గాలి వానను అడ్డంగా తెచ్చి గోడకు కొడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుఫానును కోనసీమ పెద్దలు ఇప్పటికీ మరచిపోలేదు.

ముందు రోగం, తరువాత మందు

చెమ్మ నేల నుంచి సుమారు మీటరు ఎత్తు వరకే ఉంటే అది భూమి నుంచి వచ్చినది. పైకప్పు కింద ఉంటే పిట్టగోడ బీటలు, మూసుకుపోయిన వాననీటి గొట్టాలు చూడాలి. గోడ మధ్యలో మచ్చగా ఉంటే వెనుక స్నానాల గది గొట్టం కారుతున్నదేమో చూడాలి.

ఒక చిన్న పరీక్ష మనమే చేయవచ్చు. రెండడుగుల పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచాలి. గోడ వైపు నీటి బిందువులు పడితే తేమ గోడలోనిది. బయటి వైపు పడితే అది గదిలోని గాలి తేమ. అప్పుడు కిటికీలు తెరవడమే మొదటి మందు.

బీటకు రెండు చివరల పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయాలి. కొన్ని నెలల్లో బీట ఆ గీతలు దాటితే పునాది కదులుతున్నట్లు అనుమానించి ఇంజనీరుకు చూపాలి.

పని వరుస

1. ముందుగా నీటి దారి మూయాలి. గొట్టాలు, పిట్టగోడ, సన్‌షేడ్‌లు బాగుచేసి, గోడ మొదట్లో వాననీరు నిలవకుండా వాలు పెట్టాలి. గోడలో మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీయాలి.

2. గోడను తట్టి చూసి డొల్ల శబ్దం వచ్చిన పాత ప్లాస్టరింగు కొట్టివేయాలి. పెచ్చులూడి ఊచలు కనిపిస్తే తుప్పు పూర్తిగా గీకాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది.

3. గోడ ఆరాక కొత్త ప్లాస్టరింగు చేయాలి. బయటి గోడకు సాధారణంగా ఒక పాలు సిమెంటుకు నాలుగు నుంచి ఆరు పాళ్ల ఇసుక కలుపుతారు. నది ఇసుక వాడాలి, సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. కనీసం 7 రోజులు తడపాలి. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలకు మళ్లీ సున్నమే మేలు. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక లోపలే పైపైకి పాకుతుంది.

4. రంగు చివరి పని.

లోపల ఉన్నవారి క్షేమం

పని ఒకేసారి నాలుగు వైపులా కాక ఒక్కొక్క గోడకు చేయాలి. ఆ వైపు గదుల వారిని మరోవైపుకు సర్దాలి. సరుగుడు బాదులతో కట్టిన పరంజా కింద నడవకుండా తాడు కట్టాలి. రద్దును మెట్ల మీద పోయరాదు. రెండు దారుల్లో ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలి.

ఇది చిన్న విషయం కాదు. లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌కు మనుషులు ఉండగానే గోడలకు కొత్త పలకలు తొడిగారు. ఆ పలకల్లో మండే ప్లాస్టిక్ ఉంది. 2017 జూన్ 14న మంటలు గోడల వెంట పాకి 72 మంది మరణించారు. 2025 నవంబరు 26న హాంకాంగ్‌లోని వాంగ్ ఫుక్ కోర్టులో బయటి గోడల మరమ్మతు జరుగుతుండగానే నిప్పంటుకుని 150 మందికి పైగా చనిపోయారు. అక్కడ పరంజాకు వల కట్టారు, కిటికీలకు ఫోమ్ అట్టలు అతికించారు. గోడను బాగుచేసే వస్తువు నిప్పుకు మండేదైతే ఆ మరమ్మతే ప్రమాదమవుతుంది. పరంజాకు కట్టే పచ్చ వల దగ్గర బీడీ గాని, పొయ్యి గాని ఉండకూడదు.

మనం చేయగలిగినవి

మిత్రులారా! తాపీ పని మేస్త్రీలది, నిధులు మంజూరు చేయడం అధికారులది. చూడటం మాత్రం మన పని. వాన కురిసిన రోజున ఏ గోడ, ఎంత ఎత్తు తడిసిందో నోటుబుక్కులో తేదీతో రాసి వార్డెన్ గారికి ఇద్దాం. పెట్టెలను గోడకు జానెడు దూరం జరుపుదాం. వార్షికోత్సవానికి వేసిన రంగు ఫొటోలో బాగుంటుంది గాని ఒక్క వానాకాలానికి పొక్కులు లేస్తుంది. కనుక ఈసారి డబ్బా మూత తీసే ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం. ఈ గోడకు నీరు ఎక్కడి నుంచి వస్తున్నది?