లక్షల రవ్వలకు ఒకే ఆజ్ఞ

దీపావళి నాడు చిచ్చుబుడ్డి వెలిగించి, దూరంగా నిలబడి చూశారు కదా! ఒక్కో రవ్వ ఒక్కో దారిన పోతుంది. అన్నీ ఒకే ఎత్తుకు పోవు, ఒకేసారి ఆరిపోవు. అయినా మొత్తం మీద పూలచెట్టు లాంటి ఆకారం కనబడుతుంది. "మాస్టారూ, సినిమాల్లో ఇలాంటి రవ్వలన్నిటినీ ఒక్కొక్కటిగా ఎవరు గీస్తారండీ?" అని మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న! జవాబు తెలుసుకుందాం.

బల్ల, బంతి వంటి వస్తువులకు స్పష్టమైన అంచులుంటాయి. కనుక వాటిని కంప్యూటరుచేత గీయించడం తేలిక. నిప్పుకు, పొగకు, మేఘానికి అంచు ఎక్కడ? అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ సంస్థలో పనిచేసిన విలియం రీవ్స్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మంటను ఒక వస్తువుగా కాక, వేలాది కణాల గుంపుగా భావించాడు. 1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్ 2: ది రాత్ ఆఫ్ ఖాన్' చిత్రంలో ఒక గ్రహమంతా మంటలు వ్యాపించే దృశ్యాన్ని ఈ పద్ధతిలోనే తయారుచేశారు. 1983లో ఆయన దీన్ని వివరిస్తూ ఒక శాస్త్రీయ వ్యాసం ప్రచురించాడు.

కణం జీవితం

ప్రతి కణానికీ స్థానం, వేగం, రంగు, పరిమాణం, ఆయుర్దాయం ఉంటాయి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. ఒక్కో బొమ్మకు ముందు కంప్యూటరు కొత్త కణాలను పుట్టిస్తుంది, ఆయువు తీరిన వాటిని తొలగిస్తుంది, మిగిలిన వాటిని కదిలిస్తుంది. ఆ తర్వాత బొమ్మ గీస్తుంది.

అయితే ఆ మంటల దృశ్యం చివరి భాగంలో 7,50,000కు పైగా కణాలున్నాయి. ఇన్నిటికీ విడివిడిగా ఆజ్ఞలివ్వడం ఏ మనిషికి సాధ్యం? మీ డ్రిల్లు మాస్టారు ఏం చేస్తారు? ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవరు. "ఎనిమిదో తరగతి, కుడివైపు తిరుగు!" అంటారు. రీవ్స్ చేసినదీ అదే. కణాలను సుమారు 400 సమూహాలుగా ఏర్పరచాడు. అంటే సమూహానికి సగటున 1,875 కణాలన్నమాట.

ఆ సమూహాలను బాంబు పడిన చోటు చుట్టూ వలయాలుగా అమర్చారు. లోపలి వలయాలు ముందు రగులుతాయి, బయటివి ఆలస్యంగా రగులుతాయి. ప్రతి రవ్వా పైకి ఎగిరి, గురుత్వాకర్షణవల్ల కిందికి వంగుతుంది, అంతే. "వ్యాపించు" అని ఏ రవ్వకూ ఎవరూ చెప్పలేదు. అయినా మంట గ్రహమంతా పాకినట్లు కనబడుతుంది!

ఆజ్ఞ ఒకటే, అంకెలు వేరు

అందరికీ అచ్చంగా ఒకే అంకె ఇస్తే రవ్వలన్నీ సైనికుల్లా వరుసకట్టి పోతాయి. అది మంటలా ఉండదు. అందుకని సమూహానికి ఒక సగటు విలువ, దానికి కొంత హెచ్చుతగ్గు ఇస్తారు. ఉదాహరణకు, ఆయువు సగటున 20 బొమ్మలు, తేడా 5 అనుకోండి. అప్పుడు ఒక్కో కణానికి 15 నుంచి 25 లోపు ఏదో ఒక విలువ యాదృచ్ఛికంగా దొరుకుతుంది.

రంగు సంగతీ అంతే. కొలిమిలో బాగా కాలిన ఇనుము చల్లారేకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి మారడం మీరు చూసే ఉంటారు. అలాగే కనబడాలని, రవ్వల్లోని ఆకుపచ్చ, నీలి కాంతులు ఎర్రకాంతికన్నా త్వరగా తగ్గేటట్లు నియమం పెట్టారు.

నేడు హౌడినీ వంటి సాఫ్ట్‌వేర్‌లలో సమూహాలకు పేర్లు పెట్టవచ్చు. "వయసు ఒక సెకను దాటినవి", "నేలను తాకినవి" అని నియమంతోనూ విడదీయవచ్చు. తరగతి పెరిగినప్పుడు మీరు గది మారినట్లే, వయసు పెరిగిన కణం ఒక సమూహం నుంచి మరొక సమూహంలోకి పోతుంది. ఇక గాలి వీచే నియమాన్ని పొగ సమూహానికి మాత్రమే వర్తింపజేస్తే, రవ్వలు చెదరవు, పొగ మాత్రం పక్కకు వాలుతుంది.

మీరే చేసి చూడండి

కాగితం అడుగున ఒక చుక్క పెట్టి, దాని నుంచి పైకి విసనకర్రలా 12 గీతలు గీయండి. ప్రతి గీతమీదా 7.5 సెంటీమీటర్ల దూరంలో చుక్క పెట్టండి. గొడుగు అంచులా ఉంది కదూ? మరొక కాగితంమీద అలాగే గీతలు గీసి, ప్రతి గీతకూ ఒకసారి పాచిక వేయండి. పడిన అంకెకు 4 కలిపి, అన్ని సెంటీమీటర్ల దూరంలో చుక్క పెట్టండి. ఇప్పుడు రెండు కాగితాలనూ పక్కపక్కన ఉంచండి. చిచ్చుబుడ్డి ఏ కాగితంమీద ఉంది?

ఇప్పుడు రెండో కాగితంలోని 12 దూరాల సగటు కట్టండి. అది 7.5కు దగ్గరగా వస్తుంది. ఒక్కొక్క రవ్వ ఎంత దూరం పోతుందో ముందుగా చెప్పలేం. కాని సమూహం ఎలా నడుస్తుందో చెప్పగలం. పాచికను 12 సార్లు కాక 120 సార్లు వేస్తే సగటు ఏమవుతుంది? ఆలోచించి, వేసి చూసి, మీ మాస్టారికి చెప్పండి.