పెద్దమ్మ సంచి

ఒక సంచి గురించి చెప్పుకుందాం.

మా పెద్దమ్మ సంచి అది. నీలం రంగుది. జిప్పు ఎప్పుడో పోయింది. పాత చీర అంచు చించి నోటికి కట్టుకుంది. ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చిన రోజు దాన్ని మంచం కిందికి తోసింది. నేను బీరువాలో ఒక అర ఖాళీ చేసి, కాగితం పరిచి, "ఇది నీది పెద్దమ్మా" అన్నాను. "కానీలే మే" అంది. నెలలు గడిచినా ఆ అరలో కాగితమొక్కటే ఉంది. చీర కావాలంటే వంగి సంచి లాగేది, ముడి విప్పి తీసుకునేది, మళ్లీ ముడేసి లోపలికి తోసేది. రేపే బస్సెక్కే మనిషిలాగా.

పెద్దమ్మది కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు. గండికోట రిజర్వాయరు నిండితే దాదాపు 27 టీఎంసీలు. అన్ని నీళ్లు నిలవాలంటే వెనకాల ఊళ్లు లేవాలి. 2020లో నీళ్లు ఊరి మీదికొచ్చాయి. పెద్దనాయన అప్పటికే లేడు. పిల్లలు కలగలేదు. ముంపు పరిహారం ప్యాకేజీ డబ్బులైతే వచ్చాయి. కానీ డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఒంటరిగా పునాది తీయించుకుని కొత్త మిద్దె ఎక్కడ కట్టుకుంటుంది? జమ్మలమడుగులో తమ్ముడి ఇంటికి చేరింది.

అక్కడ ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇల్లే ఇరుకు. ఇద్దరు కోడళ్లు, బడికి పోయే పిల్లలు, ఒకే బాత్రూము. తెల్లారుజాము నాలుగుకే మేలుకునే అలవాటు ఆమెకు. అందరి స్నానాలూ అయ్యేదాకా మంచం మీదనే కూర్చునేది. ఊడ్చడానికి వాకిలి లేదు, కల్లాపి చల్లడానికి పేడా లేదు. "పెడితే తింటి మే, పెట్టకముందే యాడ అడిగేది?" అని తర్వాతెప్పుడో నాతో అంది. చివరికి బంధువులంతా కూర్చుని తీర్మానం చేశాం. నాలుగు నెలలు జమ్మలమడుగులో మామ దగ్గర, నాలుగు నెలలు నా దగ్గర, నాలుగు నెలలు పులివెందులలో మా చెల్లెలి దగ్గర.

"నేనేమన్నా బాయి నీళ్లనా మే, వంతులేసుకుంటాండారు?" అంది పెద్దమ్మ. నవ్వుతూనే అంది. మేమెవరం నవ్వలేదు.

ఇక నా నిర్వాకం వినండి. మా ఇంట్లో ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. గిన్నె తోమబోతే లాక్కున్నాను, సంగటి కెలకబోతే తెడ్డు లాక్కున్నాను. "నువ్వు కూర్చో పెద్దమ్మా" అని రోజుకు పదిసార్లు. జీవితమంతా చెనిక్కాయ చేలో వంగి బతికిన మనిషిని అలా కూర్చోబెట్టడం ప్రేమే అనుకున్నాను.

ఒక సాయంత్రం పక్కింటామె వచ్చింది. పెద్దమ్మ గడప పక్కన చేట పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఆ పనొక్కటే ఎలాగో నా కన్నుగప్పి సంపాదించుకుంది. "పాపం, ఆమెకెవరూ లేరా?" అంది పక్కింటామె. "మేమే చూసుకుంటున్నామండీ" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను, దాచేదేముంది! కాయ చిట్లే చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఆ రాత్రి సంగటి ముద్దలో సగం తీసి గిన్నెలో వేసింది. ఆకలి లేదంది. మరుసటి రోజూ సగమే. అప్పుడుగానీ నా మాట నాకు మళ్లీ వినపడలేదు.

పింఛను విషయంలోనూ అంతే. 2024 జులై నుంచి అది 4,000 అయింది కదా. మా వార్డు సచివాలయానికి మార్పించుకున్నాం. ఒకటో తారీఖున వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని ఇచ్చిపోతే, నోట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఛీ, నీ డబ్బు నాకెందుకు?" అన్నాను. ఆ నోట్లు మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. మూడు నెలలు ఇదే తంతు. ఆఖరికి మా ఆయనే అన్నాడు: "పాల లెక్క ఆమెకు అప్పగించరాదూ?"

అప్పగించాను. వారం తిరక్కుండా పాలాయనతో పెట్టుకుంది. "పెన్న నీళ్లన్నా కలపవేమప్పా, ఇవి ఉత్త కొళాయి నీళ్లు!" వీధంతా వినపడింది. ఆ పూట ముద్ద మొత్తం తినింది.

మధ్యలో ఇంకో మాట, మళ్లీ మరిచిపోతాను. పిల్లలు లేని పెద్దమ్మలు, మేనత్తలు మన ఇళ్లల్లో ఎంతమంది లేరు! 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కన్నవాళ్లకు మాత్రమే అనుకోకండి. అరవై నిండి, సంతానం లేని మనిషి ఆస్తిని అనుభవిస్తున్న వారసులో, రేపు అది దక్కబోయే వారసులో ఆ మనిషిని పోషించాలని అందులో ఉంది. అర్జీ ఆర్డీవో ఆఫీసులో పెట్టుకోవచ్చు. జమ్మలమడుగులోనూ ఉంది, పులివెందులలోనూ ఉంది. ఇల్లో పొలమో ఎవరికైనా రాసిస్తుంటే, తనను చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలోనే రాయించండి. నోటిమాట నమ్ముకుంటే తర్వాత ఆ పత్రం రద్దు చేయించుకోవడం తలనొప్పి. మా పెద్దమ్మ ప్యాకేజీ డబ్బు ఆమె పేరు మీదే బ్యాంకులో ఉంది. వడ్డీకి తిప్పిస్తామని ఒకరిద్దరు రాకపోలేదు. ప్రొద్దుటూరు కదా, బంగారం అంగళ్లెన్నో వడ్డీ లెక్కలు చెప్పేవాళ్లూ అంతమంది!

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఏదైనా ఆధార్ చూపిస్తే చాలు. అంతకుముందు పెద్దమ్మ బస్సు కోసం కొంగు ముడి విప్పేది కాదు, ఎక్కడికి పోవాలన్నా మాలో ఎవరో ఒకరు చార్జీ చేతిలో పెట్టి ఎక్కించాలి. అడగడానికి ఆమెకు మొహమాటం, అడగలేదు కదా అని మాకు మరుపు. ఇప్పుడు పొద్దున కార్డు కొంగున కట్టుకుని, "జమ్మలమడుగు పోయొస్తా, తమ్ముణ్ని చూసి శానా దినాలాయ" అంటుంది. సాయంత్రానికి దిగుతుంది. నాలుగు నెలల వంతులు ఎప్పుడు ఆగిపోయాయో మాకే తెలీదు.

మొన్న పులివెందుల పోయింది. చెల్లెలికి చీనీ తోట ఉంది. గండికోట నీళ్లు ఎత్తిపోసి చిత్రావతి రిజర్వాయరుకు పంపిస్తే, అక్కడినుంచి ఆ వైపుకు కాలువలు. చెల్లెలు ఫోన్లో చెప్పింది, చెట్టు కిందే కాయ ఒలుచుకుని తిని, "మా మిద్దె మీద నిలబడిన నీళ్లే గదా ఇవి" అందట. "తియ్యగుండాయి" అని కూడా అందట. చెల్లెలికి ఏమనాలో తోచలేదు. నాకూ తోచలేదు.

ఆమె లేనప్పుడు గది ఊడుస్తూ మంచం కింద చీపురు పెడితే దేనికీ తగల్లేదు. బీరువా తెరిచాను. కాగితం మీద ఆరు చీరలు, రెండు దుప్పట్లు, పెద్దనాయన ఫొటో. పాల లెక్కల పుస్తకం కూడా అక్కడే ఉంది.

రెండో రోజు సాయంత్రం దిగింది. నీలం సంచి నిండా చీనీ కాయలు. వాటిని వంటింట్లో కుమ్మరించి, గట్టు మీద అటూ ఇటూ చూసి గట్టిగా కేకేసింది.

"ఏమ్మే! ఉప్పు డబ్బా ఎవురు జరిపింది ఈడనించి?"