ఇంటివాళ్ల జవాబు ఆలస్యమైతే

స్రవంతీ,

నిన్న ఫోనులో నీ మాట విని మనసు కలుక్కుమంది. ఎడిన్‌బరోలో ఇంటివాళ్లు ఊళ్లో లేనప్పుడు వాళ్ల ఇంటినీ పిల్లినీ చూసిపెడతానని అప్లికేషన్ పెట్టి వారం దాటింది, ఉలుకూ పలుకూ లేదు, నేను నచ్చలేదేమో అన్నావు. నచ్చకపోవడానికి నీ గురించి వాళ్లకింకా ఏం తెలుసు తల్లీ? ఈ దేశంలో ఏళ్ల తరబడి ఇతరుల ఇళ్లూ, కుక్కలూ పిల్లులూ చూసిపెడుతున్నదాన్ని గనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు వాళ్ల వైపు సంగతి ఆలోచించు. నువ్వు చేరిన వెబ్‌సైటు ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్‌లో ఇంటివాళ్లూ మనమూ ఏడాది చందా కడతాం తప్ప ఒకరికొకరు డబ్బు ఇచ్చుకునేది లేదు. అక్కడ ఐదు అప్లికేషన్లు రాగానే కొత్తవి తీసుకోవడం ఆపేస్తారు. అందులోనూ ఆగస్టు నెల ఎడిన్‌బరో! 1947లో మొదలైన ఉత్సవాలకు జనం విరగబడతారు, గదుల అద్దెలు మండిపోతాయి. అలాంటి ఇంటికి ఐదుగురు పోగవడం ఎంతసేపు? ఇక వాళ్లు ఒక్కొక్కరి గురించీ చదవాలి, భార్యాభర్తలు కూడబలుక్కోవాలి, తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవాలి. ఒక్కోసారి వాళ్ల ప్రయాణమే ఖాయమై ఉండదు.

వారం ఆగావు, ఇక ఒక్క మెసేజ్ పెట్టు. 'నా అప్లికేషన్ చూశారా' అని మాత్రం అడగకు. ఆ పిల్లికి షుగర్ అనీ, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇవ్వాలనీ ప్రకటనలో రాశారన్నావుగా, దాని గురించి రాయి. మీ నాయనమ్మకు ఇన్సులిన్ ఇచ్చింది నువ్వే. ఆవిడ నీ చేత తప్ప ఇంకెవరి చేతా పొడిపించుకునేది కాదు. ఆ మాట చెప్పు. పన్నెండు గంటల ఎడం తప్పకుండా చూసుకుంటానని చెప్పు. శనివారం పొద్దున వీడియో కాల్‌లో మాట్లాడవచ్చా అని అడుగు. మాంచెస్టర్ నుంచి రైలు టికెట్ కొనుక్కోవాలి గనుక ఫలానా తేదీలోగా చెప్పమని మర్యాదగా రాయి. ఆ తేదీ దాటితే రెండోసారి వెంటపడకు. అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి ఇంకో ఇల్లు చూసుకో. ఖరారు కాకుండా టికెట్ కొనకు.

ఇంతకీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. ఎంచుకోవడానికి ఆలస్యం చేసేవాళ్లు వేరు, ఎంచుకున్నాక పలకనివాళ్లు వేరు. మొదటివాళ్లను ఓర్చుకో. రెండోవాళ్ల ఇంటికి వెళ్లకు. పశువుల డాక్టర్ నంబరు, మందు మోతాదు, నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుంది, అవసరమైతే పక్కింట్లో ఎవరిని పిలవాలి, ఇవి అడిగితే జవాబు చెప్పనివాళ్లు రేపు పిల్లి కళ్లు తేలేస్తే మాత్రం ఫోన్ ఎత్తుతారా?

లీడ్స్ దగ్గర ఒకింటివాళ్లు నాకు సరేనని చెప్పడానికి చాలా రోజులు తీసుకున్నారు. నేనున్నప్పుడు తెల్లవారుజామున వాళ్ల ముసలి కుక్క వెనక్కాళ్లు పడిపోయి వణికిపోయింది. వాళ్లేమో విమానంలో ఉన్నారు. ఫ్రిజ్ తలుపు మీద డాక్టర్ నంబరూ, దాని కిందే 'ఖర్చు మాది, ముందు వైద్యం చేయండి' అని సంతకం పెట్టిన కాగితమూ ఉన్నాయి. ఆ కాగితం చూపించగానే ఆసుపత్రిలో ఇంకేమీ అడక్కుండా లోపలికి తీసుకుపోయారు. కుక్క బతికింది. నన్ను ఎంచుకోవడానికి అన్ని రోజులు ఆలోచించినవాళ్లే ఆ కాగితం గురించీ ఆలోచించారు.

కాబట్టి నీ విలువ మీద అనుమానం పెట్టుకోకుండా ఈ రాత్రే ఆ మెసేజ్ పంపు. వాళ్లు సరేనంటే నాకు ఫోన్ చెయ్యి, అడగాల్సినవన్నీ ఇద్దరం కూర్చుని రాసుకుందాం.

ప్రేమతో,
అత్తయ్య