కళింగపట్నం నుంచి గల్ఫ్‌కి: మొదటి రెండేళ్ల లెక్క

కళింగపట్నం వైపు నుంచి పరాయి దేశం పోవడం తాతల నాటి సంగతి. అప్పట్లో రంగూన్ పోయేవారు. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ఇంటివాళ్ల చేతిలో కొంత అడ్వాన్సు పెట్టేవాడు, ఓడ చార్జీ తనే కట్టేవాడు. అక్కడ రేవులోనో బియ్యం మిల్లులోనో పని చేస్తుంటే కూలిలోంచి ఆ బాకీ కోసుకునేవాడు. అది తీరేదాకా మనిషి మేస్త్రీ చెప్పుచేతల్లోనే.

ఇప్పుడు మన జిల్లా కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా దుబాయ్, ఖతార్, కువైట్, సౌదీ వెళ్తున్నారు. అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీ లేడు. మనమే ఊళ్లో వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోస్తున్నాం. బాకీతో బయల్దేరడం మాత్రం అలాగే ఉంది. అందుకే కొత్తగా వెళ్లేవారికి నేను జీతం గురించి ముందు చెప్పను. రెండేళ్ల ఒప్పందం అయ్యేసరికి చేతిలో ఏమైనా మిగులుతుందా లేదా అన్నది రెండు విషయాల మీదే ఉంటుంది: ఊళ్లో అప్పు ఎంత తొందరగా తీరింది, పంపిన డబ్బుకి ఇంటి దగ్గర ఎవరు లెక్క చూస్తున్నారు.

ఎక్కకముందు

ప్రభుత్వం దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు మించకూడదు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రశీదు ఇవ్వాలి. ఏజెంటు నమోదు అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. లక్ష, లక్షన్నర అడిగేవాడిని ఒక్కసారి రశీదు అడగండి, మాట ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక పని వీసాగా మారుస్తానన్నవాడికి అసలు ఇవ్వకండి.

అయినా లక్షా ఇరవై వేలు అప్పయిందనుకుందాం, నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఊళ్లో రెండు రూపాయలంటే తక్కువే అన్నట్టు మాట్లాడతారు. ఏడాదికి చూస్తే అది 24 శాతం. నెలకు 2,400 వడ్డీ మాత్రం కడుతూ పోతే రెండేళ్లలో 57,600 పోతుంది, అసలు అక్కడే ఉంటుంది. అదే నెలకు పది వేల చొప్పున కడితే పద్నాలుగో నెలకి మొత్తం తీరిపోతుంది, వడ్డీ కింద పోయేది 19 వేల లోపే. కాకపోతే అప్పిచ్చినాయన నెల నెలా అసలులోకి జమ కట్టుకోవడానికి ఒప్పుకోవాలి. కొందరు ఒప్పుకోరు, ఇస్తే మొత్తం ఒకేసారి ఇమ్మంటారు. ఆ సంగతి సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

ఇంట్లో బంగారం ఉంచుకుని రెండు రూపాయల వడ్డీకి తిరిగేవాళ్లు మన వైపు చాలామంది. బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి లోపు వడ్డీకే వస్తుంది. ఆ మాటంటే, కోడలి మెడలో నగ లేకపోతే నలుగురూ ఏటనుకుంటారు అంటారు. ఆ నలుగురిలో ఒక్కరూ మీ వడ్డీ కట్టరు. ఇంటావిడ డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడా అడిగి చూడండి. ప్రైవేటు వడ్డీతో పోలిస్తే ఆ భారం చాలా తక్కువ.

పదో తరగతి పాసవని వారికి పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటుంది. గల్ఫ్‌కి పనికి వెళ్లాలంటే వారికి ఎమిగ్రేషన్ అనుమతి కావాలి, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా పది లక్షల బీమా. ఆ పాలసీ కాగితం మీ పెట్టెలో కాదు, ఇంట్లో ఉండాలి. డబ్బు అడగాల్సి వస్తే అడిగేది ఇంటివాళ్లే కదా.

దిగాక

ఒప్పంద పత్రంలో ముందు చూడాల్సిన అంకె బేసిక్ జీతం. మొత్తం 1,600 దిర్హాములని ఏజెంటు చెప్తాడు. అందులో బేసిక్ వెయ్యే ఉండి, మిగతా ఆరువందలు అలవెన్సులు కావచ్చు. యూఏఈలో ఓవర్‌టైం లెక్క బేసిక్ మీదే, మామూలు గంట కూలికి కనీసం పాతిక శాతం ఎక్కువ. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే: మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల జీతం, ఆ పైన 30 రోజులది. వెయ్యి బేసిక్ అయితే ఏడాదికి 700 దిర్హాములు, 1,400 అయితే 980. సౌదీలో మొదటి ఐదేళ్లకి ఏడాదికి అర నెల జీతం, తర్వాత నెల జీతం. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం వెయ్యి రియాళ్లు. కంపెనీ బస, తిండి ఇవ్వకపోతే బసకి 500, తిండికి 300 అదనం. ఈ అంకెలు తెలిసినవాడితో క్యాంపు బాసు మాట్లాడే తీరే వేరు.

జీతం చేతికి కాక కార్డులోకో ఖాతాలోకో రావాలి. యూఏఈలో 2009 నుంచి వేతన రక్షణ విధానం ఉంది, తర్వాత సౌదీ, ఖతార్ కూడా తెచ్చాయి. ప్రతి నెలా జీతం స్లిప్పు ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి. సగం జీతం నగదుగా ఇస్తామంటే ఒప్పుకోకండి. రేపు గొడవొస్తే ఆ సగానికి రుజువుండదు.

మొదటి నెల ఖర్చు తగ్గించుకోవడానికి ఏ ప్రయత్నమూ చేయకండి. రాసుకోండి, అంతే. మెస్ వాటా, ఫోన్ రీచార్జి, సాయంత్రం కరక్ చాయ్, సిగరెట్టు, శుక్రవారం బజారు. రెండో నెల ఆ కాగితం చూస్తే ఏది తగ్గించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే తిండి దగ్గర తగ్గించకండి. యాభై డిగ్రీల ఎండలో పనిచేసే ఒంటికి చవక తిండి పెట్టి మిగిల్చిన డబ్బు ఆసుపత్రికి పోతుంది. తగ్గించాల్సినవి సాధారణంగా రెండే: రూమ్మేట్లకి ఇచ్చే చేబదుళ్లు, కిస్తుల మీద కొనే ఫోన్లు.

క్యాంపులో చీటీలు కడతారు. మన ఊరివాళ్లే, తెలిసిన మొహాలే. కానీ చీటీ నడిపేవాడి వీసా ఏ నెలలో రద్దయితే ఆ నెలలోనే చీటీ ముగుస్తుంది. అక్కడ దానికి కోర్టూ లేదు, పెద్దమనిషీ లేడు. మన దగ్గర 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నమోదైన చీటీ వేరు, అది కట్టాలనుకుంటే ఇంటి దగ్గర కట్టించండి.

పంపే రోజు

జీతం పడగానే ఎక్స్ఛేంజి ముందు క్యూ. పక్కన నిలబడ్డవాడు "ఆగు, వచ్చే వారం రేటు పెరుగుద్దట" అంటాడు. ఈ మాట మీద ఎంత డబ్బు పోతోందో లెక్క వేద్దాం. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అప్పుంది. లక్ష రూపాయలు నెల ఆపితే 2,000 వడ్డీ పెరుగుతుంది. దిర్హం 23 రూపాయలుందనుకుంటే, ఆ రెండు వేలు పూడాలంటే నెలలో రేటు 46 పైసలు పెరగాలి. పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. వడ్డీ మాత్రం తప్పకుండా పెరుగుతుంది. కాబట్టి అప్పు ఉన్నన్నాళ్లూ రేటు వైపు చూడకుండా జీతం పడ్డ రోజే పంపేయండి. అప్పు తీరాక కావాలంటే రేటు చూస్తూ కూర్చోవచ్చు, అప్పుడు అదో సరదా.

ఎక్స్ఛేంజిలో చార్జీ ఎంత పంపినా దాదాపు ఒకటే. మూడు ముక్కలుగా పంపితే మూడు చార్జీలు. నెలకి ఒక్కసారి పంపండి. బోర్డు మీద రేటు ఎక్కువున్నచోట చార్జీ కూడా ఎక్కువుండొచ్చు. "ఇంత ఇస్తే మా ఇంటికి ఎన్ని రూపాయలు చేరతాయి?" అని అడిగి, చేరే మొత్తాన్నే పోల్చుకోండి. హుండీ వాడు నాలుగు పైసలు ఎక్కువిస్తాడు. అది చట్టవిరుద్ధం, పైగా రేపు ఇంటి లోనుకి బ్యాంకుకి వెళ్తే మీరు సంపాదించినట్టు ఒక్క కాగితమూ ఉండదు.

విదేశంలో పనికి చేరాక ఊళ్లో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్పించాలి. సంపాదన పంపడానికి వేరుగా ఎన్ఆర్ఈ ఖాతా మీ పేరున తెరవండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. జీతం ముందు అందులో పడాలి. అక్కడి నుంచి ఇంటి ఖర్చుకి ఎంతని అనుకున్నారో అంతే ఇంటావిడ ఖాతాలోకి వెళ్లాలి. అన్నీ కలిపి ఒకే ఖాతాలో పడేస్తే అప్పు కిస్తు, బియ్యం, మేనమామ కొడుకు పెళ్లి చదివింపులు కలగలిసిపోతాయి.

పంపకుండా అక్కడే దాచుకుందామనేవాళ్లూ ఉంటారు. బర్మాలో 1964 మే నెలలో ప్రభుత్వం 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది. ఏళ్ల తరబడి అక్కడ బతికిన మనవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వెలిసిందే. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహారానికి అర్జీ పెట్టుకోవాలంటే అక్కడ ఉన్నట్టు రుజువు చూపాల్సి వచ్చింది. డబ్బు ఇంటికి, కాగితాల నకళ్లు ఇంటికి.

ఇంటి దగ్గర పుస్తకం

గల్ఫ్ డబ్బు ఎక్కువగా పోయేది గల్ఫ్‌లో కాదు, ఊళ్లో. ఎవరూ తినేయరు, కానీ ఎవరూ రాయరు. శుక్రవారం వీడియో కాల్‌లో సంభాషణ ఇలా సాగుతుంది.

"పెద్దపండక్కి బట్టలు తియ్యాల, ఓ ఐదేలు ఎక్కువ పంపు బాబూ."

"పంపుతానమ్మా. ముందు పుస్తకం తియ్యే, కిందటి నెలది ఏటయిందో సూద్దాం."

"పుస్తకం ఏటి పుస్తకం, నీకు లెక్క సెప్పాలేటి?"

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, తల్లిని లెక్క అడగడం తప్పని. దానికో దారుంది. ముందు మీ ఖర్చు మీరు చదవండి, సిగరెట్లతో సహా. కొడుకు తన లెక్క చెప్పాక తల్లి తన లెక్క చెప్పడం అవమానంగా ఉండదు. నెలకోసారి, అదే వారం, అదే పూట. పుస్తకం రాసేది ఒక్కరే కావాలి. చాలా ఇళ్లలో కోడలు రాస్తే అత్తకి కోపం, అత్త రాస్తే కోడలికి అనుమానం. అలాంటిచోట పదో తరగతి చదివే పిల్ల చేత రాయించండి, ఇద్దరూ ఆ పిల్ల ముందే చెప్తారు.

తుపాను పేరుతో ఒక ఆర్డీ వేరుగా ఉండాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ప్రమాద హెచ్చరిక ఎగరేసే రేవుల్లో కళింగపట్నం పేరు వింటూనే ఉంటాం. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. రేకులు ఎగిరిపోయిన రాత్రి అయిదు రూపాయల వడ్డీకైనా తెస్తారు. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంటే ఆ అవసరం రాదు. చేపల వేట మీద బతికే ఇళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

స్థలం కొంటే మీ పేరున గానీ భార్య పేరున గానీ కొనండి. అన్నదమ్ముల మీద నమ్మకం ఉండాలి, రిజిస్ట్రేషన్ మాత్రం మీ పేరుతో ఉండాలి. కొనేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, పొలమైతే మీభూమిలో అడంగల్, 1బి చూడమనండి. ఇల్లు మొదలుపెడితే స్లాబుకి సరిపడా డబ్బు చేరేదాకా గోడలు లేపకండి. అప్పు తీరకముందే లేచి, ఇనుప చువ్వలు తుప్పు పట్టిపోతున్న గల్ఫ్ ఇళ్లు మన తీరం పొడవునా కనిపిస్తాయి.

మొదటి సెలవుకి వచ్చేటప్పుడు ఎంత ఖర్చుపెట్టాలో టికెట్టు కొన్న రోజే రాసుకోండి. ఆ నెల ఖర్చు పోగా మిగిలినది అప్పుకి చెల్లించి వెళ్లండి. కట్టిన ప్రతి కిస్తూ ప్రోనోటు వెనకాల చెల్లు రాయించాలి: తేదీ, మొత్తం, తీసుకున్నాయన సంతకం. నోటి మాట చెల్లదు. ఆఖరి కిస్తు కట్టిన రోజు ఆ నోటు వెనక్కి తెచ్చుకోమని ఇంట్లో చెప్పండి. బీరువాలో ఎక్కడో ఉంది, రేపిస్తానని ఆయనంటే, డబ్బు కూడా రేపే తెస్తామని చెప్పి వచ్చేయమనండి.