తాళంచెవి వాడి దగ్గరే ఉండాలి

అయిజ



బీఈడీ చదువుతూ ఆదివారాలు పిల్లల హోంకు వెళ్లి లెక్కలు చెబుతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడే సంతోషపడ్డాను. ఇప్పుడు నువ్వే ఉత్తరం రాశావు. అక్కడ పదకొండేళ్ల పిల్లాడొకడున్నాడు, మన నడిగడ్డ పల్లె వాడే, వాడికి ఏదైనా ఇవ్వాలనుంది, 300 రూపాయలకు మించి పెట్టలేను, ఏం కొనమంటావు అని. కొనే ముందు ఒక సంగతి చూసుకో. నువ్విచ్చిన వస్తువును వాడు రాత్రిపూట ఎక్కడ పెట్టుకుంటాడు?

హోంలో పిల్లాడికి తిండికి, బట్టకు, బడికి లోటు రానివ్వరు. కానీ అక్కడ దాదాపు అన్నీ అందరివీ. పళ్లాలు ఒకే గుట్టలోంచి తీసుకుంటారు. దుప్పట్లు ఉతికి ఆరేశాక ఎవరి చేతికి ఏది వస్తే అది. బంతి హోందే, క్యారంబోర్డు హోందే. పంచుకోవడం మంచిదే, కానీ తనదంటూ ఏమీ లేని పిల్లాడు దేన్ని పంచుకుంటాడు? వాడికి మిగిలేది మంచం కింది ట్రంకు పెట్టె ఒక్కటే. తాళం లేకపోతే అదీ అందరిదే అవుతుంది. అందుకని నీ 300లో మొదటి ఖర్చు ఒక చిన్న తాళానికి పెట్టు. రెండు చెవులు వచ్చేది చూసుకో. ఒకటి వాడు మొలతాడుకు కట్టుకుంటాడు. రెండోది వార్డెన్ దగ్గర ఉంచమని నువ్వే చెప్పు. చెవి పోయిన రోజు పెట్టె పగలగొట్టే పని ఉండదు, హోం వాళ్లకూ లోపల ఏముందోనన్న బెంగ ఉండదు. తాళాలు వద్దని వాళ్లు అంటే వాదించకు. జిప్పున్న గుడ్డసంచి కొని దాని మీద వాడి పేరు కుట్టించు.

పోలెండులో యానుష్ కోర్చాక్ అని ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు. 1912 నుంచి వార్సాలో యూదు అనాథ పిల్లల ఇల్లు నడిపాడు. ఆ ఇంట్లో దొరికిన వస్తువుల కోసం ఒక అద్దాల అర పెట్టించాడు. గుండీ, మేకు, రంగు కాగితం ముక్క, ఏది నేల మీద దొరికినా అందులో పెట్టేవాళ్లు. పోగొట్టుకున్న పిల్లాడు వచ్చి నాదని తీసుకోవాలి. పెద్దవాళ్ల కంటికి చెత్తలా కనిపించేదానికి కూడా ఒక సొంతదారుడు ఉంటాడని ఆయన నమ్మాడు. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించినప్పుడు, తాను తప్పించుకునే దారి ఉన్నా వాళ్లను వదలకుండా వాళ్లతోనే వెళ్లాడు. టీచరు కాబోతున్నావు కదా, ఆయన గురించి ఇంకా చదువు. వాడి పెట్టెలో సీసా మూతలో, రాళ్లో కనిపిస్తే 'ఇవెందుకురా' అని మాత్రం అనకు.

తర్వాత ఒక స్టీలు గ్లాసు. మన అయిజ బజారులో స్టీలు సామాన్ల అంగళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు కదా. పెళ్లికో గృహప్రవేశానికో గిన్నె ఇస్తే ఇచ్చినవాళ్ల పేరు, తేదీ కొట్టిస్తాం. గుళ్లో ఫ్యాను ఇస్తే రెక్కల మీద దాత పేరు రాయిస్తాం. ఆ అలవాటును హోం గడప దాటనివ్వకు. పూటపూటా నీళ్లు తాగే గ్లాసు మీద నీ పేరుంటే ఆ పిల్లాడు పూటపూటా నీకు బాకీ పడతాడు. వాడి పేరే కొట్టించు, ఇంటిపేరుతో సహా. ఇంటిపేరు ముఖ్యం బిడ్డా. ఒకే పేరున్న పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే ఒకడు పొడుగోడు, ఇంకొకడు నల్లోడు అయిపోతాడు. పైగా హోంలో ఉన్నవాళ్లంతా అమ్మానాన్న లేనివాళ్లు కారు. ఒకరు పోయి, మిగిలినవాళ్లు సాకలేక అప్పగించినవాళ్లు ఉంటారు, తల్లి వలస పోతే వచ్చినవాళ్లు ఉంటారు. పాలమూరు బిడ్డవు, వలస సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. వాడి ముందు అనాథ అన్న మాటే రానివ్వకు. మీ నాన్న ఏమయ్యాడని అడగకు. వాడంతట వాడే చెబితే విను. ఇంటిపేరు అక్షరాలు రిజిస్టరులో చూసి సరిగ్గా రాసుకో.

ఇక వయసు సంగతి. పదకొండేళ్ల వాడికి బొమ్మ ఇస్తే తోటివాళ్లు నవ్వుతారు. వాచీ, ఖరీదైన బూట్లు ఇస్తే కొట్లాటలు మొదలవుతాయి. నడిగడ్డ పల్లె పిల్లాడంటున్నావు. మన దిక్కున సీడు పత్తి చేలల్లో క్రాసింగు పనికి పిల్లలను పంపడం మనం కళ్లారా చూసిందే. సాయంత్రం మొగ్గలు గిచ్చి, మర్నాడు పొద్దున పువ్వుకు పువ్వు చూసి పుప్పొడి అంటించే పని అది. వాడూ ఆ చేలల్లో వంగి ఉంటే, చేతులు చిన్నవే అయినా పనితనం తెలిసినవి. అలాంటి పిల్లాడిని పసివాడిని చూసినట్టు చూస్తే చిన్నబోతాడు. చేతికి పని చెప్పే వస్తువు ఇవ్వు. ఆరో తరగతిలోకి వచ్చినవాడికి సొంత జామెట్రీ బాక్సు ఉంటే లెక్కల గంటలో వృత్తలేఖిని కోసం పక్కవాడిని బతిమాలక్కర్లేదు, నువ్వు చెప్పే పాఠానికీ పనికొస్తుంది. రాత్రి బాత్రూముకు పోవడానికి చిన్న టార్చి. గోటీలు, బొంగరం చవక, పెట్టెలో పడుంటాయి. ఆటవస్తువుల్లో నన్ను ఒక్కటే చెప్పమంటే టెన్నిస్ బంతి అంటాను. బంతి ఉన్నవాడి కోసం మిగతావాళ్లు వస్తారు. కొత్తగా చేరి మూలన కూర్చునే పిల్లాడిని ఆటలోకి పిలిపించడానికి దానికంటే చవకైన దారి నాకు కనిపించలేదు.

నీ ఉత్తరంలో లేని మాట ఇంకొకటి. వాడికి అక్కో చెల్లో ఉందేమో కనుక్కో. ఆడపిల్లలను బాలసదనంలో, మగపిల్లలను వేరే హోంలో ఉంచుతారు, ఒకే తల్లి పిల్లలు రెండు చోట్ల పడతారు. రాఖీ పండుగనాడు కలిసినప్పుడు ఆ పిల్ల రాఖీ కడుతుంది. వీడి చేతిలో తిరిగి పెట్టడానికి ఏముంటుంది? జడ రిబ్బన్లో, గాజులో, మంచి పెన్నో పండుగకు ముందే వాడికి ఇచ్చి ఉంచు. అది వాడిచ్చే కానుక. నువ్వు కొన్నావని ఆ పిల్లకు తెలియనక్కర్లేదు. ఎప్పుడూ తీసుకునే చేతులకు ఇచ్చే వంతు కూడా రావాలి. బిడ్డా, నువ్వు కొనేవాటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

ఫొటో గురించి కాస్త జాగ్రత్తగా విను. మన ఇళ్లలో పిల్లల ఫొటోలు ఆల్బముల నిండా ఉంటాయి. హోం పిల్లాడికి తాను ఆరేళ్లప్పుడు ఎలా ఉండేవాడో చూపించే కాగితం ఒక్కటి ఉండదు. సూపరింటెండెంటు అనుమతి తీసుకుని వాడిదొక మంచి ఫొటో తీసి, స్టూడియోలో ప్రింటు వేయించి, వెనక తేదీ రాసి వాడికివ్వు. ఫోన్లోది తీసెయ్యి. స్టేటస్‌లో పెట్టకు, గ్రూపులో పంపకు. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, ఊరు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆరు నెలల దాకా జైలు గానీ, 2 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచు. వాడు పెద్దయ్యాక ఏ ఉద్యోగం కోసమో వెళ్లినప్పుడు, బిస్కెట్ ప్యాకెట్ అందుకుంటున్న చిన్ననాటి ఫొటో ఎవరి ఫోన్లోనో కనిపించకూడదు.

పుట్టినరోజులకు కేకు తీసుకెళ్లేవాళ్లు చాలామంది. కేకు తమ పిల్లలది, చప్పట్లు హోం పిల్లలవి. నువ్వు వాడి పుట్టినరోజు అడుగు. రిజిస్టరులో జూన్ నెల తేదీ ఉంటే బడిలో చేర్చేటప్పుడు వేసిందేమో. వాడు ఏ రోజు తనదనుకుంటే ఆ రోజే గుర్తు పెట్టుకో.

పుస్తకం ఇస్తావని నాకు తెలుసు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్లు పిల్లల కోసం తక్కువ ధరకు వేసే పుస్తకాలు చూడు. వాడు ఎంతవరకు చదవగలడో ముందు తెలుసుకో. కష్టమైన పుస్తకం ఇస్తే పెట్టె అడుగుకు పోతుంది.

ఇవన్నీ ఒకేసారి కొనకు. ఇప్పుడు తాళం, గ్లాసు. నెల తర్వాత బంతి. నలుగురిలో పిలిచి ఇవ్వకు, పాఠం అయ్యాక మామూలుగా చేతికివ్వు. మా ఇంటికి తీసుకుపోతాననో, ప్రతి ఆదివారం వస్తాననో మాట ఇవ్వకు. వచ్చే ఆదివారం పరీక్ష ఉంటే రానని ముందే చెప్పు.

దసరా సెలవులకు బంధువులున్న పిల్లలను ఇళ్లకు పంపుతారు, ఎవరూ రాని పిల్లలు హోంలోనే ఉండిపోతారు. నువ్వు అయిజకు బయలుదేరే ముందు రోజు అక్కడికి వెళ్లు. గుప్పెడు జమ్మి ఆకు వాడి చేతికిచ్చి, బంగారమని వార్డెన్‌కు, వంటమ్మకు, తోటి పిల్లలకు వాడినే పంచమను. తినేవి మాత్రం ఒక్కడికే ఇవ్వడం కుదరదు, అందరికీ ఉండాలి. వేరుశనగ బుడ్డలు నేను వేయించి ఆర్టీసీ కార్గోలో వేస్తాను. ఎంతమంది ఉంటారో కనుక్కుని రాయి, వంటవాళ్లను, కాపలా ఆయనను కూడా లెక్కలో వెయ్యి.

ఇట్లు,
నీ పెద్దనాయిన