గ్రుడ్డు కాఫీ

కాఫీలో గ్రుడ్డు వేయుదురన్నచో మీరు నవ్వుదురు. పెంకుతో సహా నలిపి వేయుదురన్నచో నమ్మనే నమ్మరు. కాని అట్లు కాచిన కాఫీని వేలకొలది జనులు నేటికిని ఇష్టముతో త్రాగుచున్నారు.

ఐరోపాఖండమునకు ఉత్తరమున స్వీడను, నార్వే దేశములు కలవు. అచ్చట శీతకాలము మిక్కిలి దీర్ఘము, పగటివెలుగు స్వల్పము. అట్టి చోట వేడికాఫీపై జనులకు మక్కువ యెక్కువ. స్వీడను ప్రభుత్వము 1756లో కాఫీని నిషేధించెను. తరువాత మరికొన్ని పర్యాయములు నిషేధించెను. అయినను ప్రజలు దానిని విడువలేదు.

మన యిండ్లలో కాఫీపొడిని చిల్లుల గిన్నెలో నుంచి డికాక్షను దింపుదురు. ఆ దేశపు పల్లెలలో అట్టి సాధనము లేదు. బరకగా విసరిన పొడిని నీళ్లలో వేసి మరగించుటయే వారి పద్ధతి. అందువలన కాఫీ మడ్డిగా నుండెడిది. పొడి నోటికి తగులుచుండెడిది. సముద్రతీరమున నివసించు నార్వేవారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. ఎండిన చేపచర్మపు ముక్కనొకదానిని కాగుచున్న కాఫీలో వేసెడివారు. పొడి అడుగునకు దిగి, కాఫీ తేటపడెడిది.

పందొమ్మిదవ శతాబ్దమున స్వీడనులో బీదరైతుల పాట్లు దుర్భరమయ్యెను. 1867 మొదలు 1869 వరకు పంటలు పండక కరవు వచ్చెను. 1850కిని 1930కిని నడుమ పండ్రెండు లక్షలకు పైగా జనులు ఆ దేశమును వీడి, ఎక్కువగా అమెరికాకు వలసపోయిరి. వారిలో అనేకులు మిన్నెసోటా ప్రాంతమున స్థిరపడి వ్యవసాయము చేసిరి. ఈ వలసజనుల వంటిండ్లలోనే గ్రుడ్డు కాఫీ వాడుక బలపడినది. కోళ్లు దొడ్డిలోనే యుండుటచే గ్రుడ్లకు కొదవ లేదు.

దానిని కాచు విధము వినుడు. తొమ్మిది గిన్నెల నీటిని పొయ్యిమీద మరగనిత్తురు. ముప్పాతిక గిన్నె కాఫీపొడిలో ఒక గ్రుడ్డును కొట్టి, పెంకును నలిపివేసి, కొంచెము చన్నీటితో కలుపుదురు. అది నల్లని బురదవలె నగును. దానిని మరుగుచున్న నీటిలో వేసి మూడు నిమిషములు కాగనిత్తురు. పొడి యంతయు ముద్దగట్టి పైకి తేలును. అప్పుడు పాత్రను దింపి, ఒక గిన్నె చన్నీరు పోయుదురు. ముద్ద మెల్లగా అడుగునకు దిగును. పైన నిలిచిన కాఫీ తేనెరంగుతో తేటగా నుండును. దానిని వడగట్టి త్రాగుదురు. గ్రుడ్డువాసన యించుకయు రాదు.

దీనికి కారణమేమి? తెల్లసొనలో మాంసకృత్తులు కలవు. చల్లగా నున్నంతసేపు అవి నీటిలో కలసియుండును. వేడి తగిలినంతనే ఒండొంటితో పెనవేసికొని గట్టిపడును. అప్పుడు అవి వలవలె పొడినెల్ల పట్టుకొనును. చేదును వగరును కలిగించు పదార్థములు కొన్ని ఆ వలలోనే చిక్కును. పెంకులోని సున్నపు పదార్థము పులుపును కొంత హరించును. చేపచర్మము సైతము వేడికి జిగురునిచ్చి యిట్టి పనినే చేయును.

మన పల్లెలలో బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసి కలుపుట మీలో కొందరు ఎరుగుదురు. మలినము ముద్దగట్టి అడుగునకు దిగును. ఆ గింజను వాడిన అవ్వయు, గ్రుడ్డును వాడిన ఆ రైతుగృహిణియు రసాయనశాస్త్రమును చదివినవారు కారు. చూచి, చేసి, నేర్చికొనిరి.

నేటి స్వీడనులో పెక్కురు ఈ గ్రుడ్డు కాఫీని ఎరుగరు. కాని మిన్నెసోటాలో చర్చి విందులయందు పెద్ద పాత్రలలో దీనిని కాచుట ఆచారమైనది. ఏటేటా వేసవి చివర జరుగు ఆ రాష్ట్రపు సంతలోను ఇది లభించును. ఊరు విడిచినవారు ఇల్లును, పొలమును వెంట తీసికొనిపోజాలరు. చేతికి అలవడిన పనిని మాత్రము తీసికొనిపోగలరు. దానిని బిడ్డలకు నేర్పగలరు.

ప్రశ్నలు

1. నార్వేవారు కాఫీని తేటపరచుటకు ఏమి వాడిరి?
2. గ్రుడ్డు కాఫీలోని పొడి ముద్దగట్టుటకు కారణమేమి?
3. మీ యింటిలో పెద్దలు అనుభవముచే నేర్చిన యుపాయమొకటి తెలిసికొని వ్రాయుడు.